పేరు ఊడిన టీవీ

ఎర్రగడ్డ ఆదివారం అంగట్ల కొన్న టీవీ.
కంపెనీ పేరు ఉండాల్సిన చోట
జిగురు మచ్చ ఒక్కటే మిగిలింది.
పాత రిమోట్ గంజి బకెట్ల పడ్డది.
మూడు దినాలు ఎండకు పెట్టిన,
బియ్యం డబ్బాల పండబెట్టిన,
పలకలే.

కోఠి గుజరాతీ గల్లీల జిగ్నేశ్ భాయి
నూట ముప్పైకి కొత్తది చేతుల పెట్టి
"యూనివర్సల్ అమ్మా, లోకంల ఏ టీవీ అయినా వింటది" అన్నడు.
"నాది వింటదా?"
"పేరేంది?"
"పేరు లేదు."
జరసేపు తల గోక్కున్నడు,
మడతలు పెట్టిన కాగితం ఒకటి ఇచ్చి
పక్క గిరాకీ దిక్కు తిరిగిండు.

వారసిగూడకు వచ్చి విప్పి చూస్తే
కాగితం నిండ చీమల బారు.
కాజాలు కుట్టే కండ్లు నావి, అయినా
ఒక్కో అంకె పట్టుకునేసరికి
సూదిల దారం ఎక్కించినంత పనైంది.

సెట్ బటన్ అదిమి పట్టాలె,
ఎర్ర దీపం నిలబడేదాక.
అటెన్క మూడంకెలు.
తప్పైతే దీపం రెండుసార్లు కొట్టుకుంటది,
కాదు, కాదు అన్నట్టు.
సున్నా ఒకటి తొమ్మిది. కాదు, కాదు.
సున్నా రెండు నాలుగు. కాదు, కాదు.
మిషన్ మీద ఎవరిదో పెండ్లి జాకెట్
ఒక్క చెయ్యితోని నన్నే చూస్తున్నది.

కాగితం అడుగున ఇంకో ఉపాయం రాసున్నది.
ఏదీ తెల్వకపోతే పవర్ బటన్ నొక్కుకుంట పో,
టీవీ ఎప్పుడు ఆరిపోతదో అప్పుడు ఆగు.
ఆరిపోయిందంటే విన్నట్టు.
నవ్వొచ్చింది. మా మేనమామ అచ్చం గిట్లనే,
మాట తగిలిందని తెలిసేది
ఆయన నోరు మూసినప్పుడే.

నొక్కిన. నొక్కిన.
నలభై దాటినంక బొటనవేలు మొద్దుబారింది,
అంగుస్తానా తొడుక్కొని నొక్కిన.
అరవై మూడో నొక్కుకు
నా టీవీల వంటలామె అట్లనే ఉల్లిగడ్డ తరుగుతున్నది,
గల్లీ అవతల, నా కిటికీకి ఎదురు కిటికీల,
రఫత్ ఆపా ఇల్లు చీకటి పడ్డది.

"అరే! ఆఖరి ఓవర్!"
పిల్లల లొల్లికి పావురాలు లేచినయి.
రెండు స్కూటీలు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిన గల్లీ మాది,
దొంగతనం దాచనీకి జాగ ఏడుంటది?
రిమోట్‌ను లైనింగ్ గుడ్డల కింద దోపి
మిషన్ తొక్కుడు మొదలుపెట్టిన,
దారం లేకుంటనే.

పరదా జరిగింది.
"మీకు గిట్ల కరెంట్ పోయిందా?"
రెండేండ్ల సంది ఎదురెదురు ఉంటున్నం,
ఆమె నాతోని మాట్లాడిన మొదటి మాట.
వెనక నా వంటలామె, నిండు వెలుతురుల,
తాలింపు పెడుతున్నది.

అబద్ధం గొంతుల్నే ఉండిపోయింది.
అంగుస్తానా తియ్యకుంటనే రిమోట్ పైకెత్తి చూపెట్టి
ఇంకోసారి నొక్కిన.
వాళ్ల ఇంట్ల మైదానం మళ్ల పచ్చగ వెలిగింది.
మ్యాచ్ అయిపోయింది, ఎవరు గెలిచిన్రో ఏమో,
పిల్లలు మాత్రం నా దిక్కే నోరు తెరిచి చూస్తున్నరు.
ఆపా నవ్వి నవ్వి కండ్లు తుడుసుకున్నది.
వాళ్ల రిమోట్‌ను చిన్నది నీళ్ల ట్యాంకుల ఏసి
నెల దాటిందట,
ఆ నెలంతా ఒక్కటే ఛానెలట.

మళ్ల మొదటి సంది నూట పదకొండు దాక పోయిన.
నా టీవీ వినలే.
దానికోసం ఇప్పుడు కూడ
నేనే లేచి పోయి పక్కన మీట నొక్కుత.

పొద్దుమూకినంక ఎదురు కిటికీల నుంచి దాదీ పిలుస్తది,
"బేటీ, జర ఆవాజ్ పెంచు!"
జిగ్‌జాగ్ ఆపి, చెయ్యి చాపి
నాలుగు గీతలు పెంచుత.
ఏం నడుస్తున్నదో నాకు సగమే కనపడుతది,
పరదా అడ్డం.

నిన్న ఆపా కొత్త పరదా కుట్టమని బట్ట తెచ్చింది.
కొలత పాతదానికంటె జానెడు తక్కువ చెప్పింది.
తప్పు చెప్తున్నవని నేను అనలే.
చాక్‌పీసుతోని గీత గీసి
కత్తెర పెట్టిన.